ఎలాగూ ఊడిపోయే పళ్లే కదా అనుకుంటే...

మొన్న ఒక ఐదేళ్ల బాబును తీసుకొచ్చారు. బుగ్గ వాచిపోయి ఒక కన్ను సగం మూసుకుపోయింది. రెండు రాత్రులుగా నిద్ర లేదట. పై దవడ పన్నుకు గుంట పడి ఏడాది దాటింది. "పాలపళ్లే కదా డాక్టర్ గారూ, ఎలాగూ ఊడిపోతాయని ఊరుకున్నాం" అంటూ వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెను ఏమీ అనలేకపోయాను. అందరూ ఆమెకు చెప్పిన మాటే అది. నా కోపమంతా ఆ మాట మీదే.

ఊడిపోయే మాట నిజమే. కానీ ఎప్పుడు? ముందు పళ్లు ఆరేడేళ్లకు కదులుతాయి. వెనక దవడ పళ్లు మాత్రం పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. అంటే ఆ బాబు ఆ పన్నుతో ఇంకా ఐదారేళ్లు నమలాలి. పైగా పాలపన్ను ఎనామెల్, అంటే పైనుండే గట్టి పొర, పలచన; లోపలి నరం పైకే ఉంటుంది. అందుకే పుచ్చు తొందరగా లోపలికి దిగుతుంది. పంటి వేళ్ల దగ్గర చీము పడితే కిందే తయారవుతున్న శాశ్వత దంతానికి మచ్చలు రావచ్చు, ఎనామెల్ సరిగా ఏర్పడకపోవచ్చు. పోనీ పీకేస్తే సరిపోతుందా? ఆరేళ్లకు వెనక వచ్చే పెద్ద దవడ పన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది. తర్వాత రావాల్సిన దానికి చోటుండదు, వంకరగా వస్తుంది. ఈ బాబుకు పన్ను తీయక తప్పలేదు. ఆ చోటు పోకుండా స్పేస్ మెయింటెయినర్, అంటే ఖాళీని అలాగే పట్టి ఉంచే చిన్న పరికరం, పెట్టాలి.

పై పన్ను తీస్తే చూపు పోతుందన్న భయం ఇంకా వింటూనే ఉన్నాను. పంటి నరం వేరు, చూపు నరం వేరు. దయచేసి ఈ పుకారును ఇక ఆపండి. పళ్లొచ్చేటప్పుడు చిరాకు, చొంగ మామూలే. గట్టి జ్వరం వస్తే మాత్రం పళ్ల మీదకు నెట్టకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. ఫ్లోరైడ్ పేస్టు గురించి కూడా టెన్షన్ వద్దు. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చేవరకు బ్రష్ మాత్రం మీరే చేయించాలి.

వెళ్లేముందు ఆ తల్లి ఒళ్లో ఉన్న ఏడాదిన్నర పాపను కూడా చూడమంది. పై పెదవి ఎత్తి చూశాను. ముందు పళ్ల మీద, చిగురు అంచున తెల్లటి గీతలు. పుచ్చు మొదలయ్యేది అలాగే. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతుందట. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పాలు పళ్లకు అంటుకునే ఉంటాయి. గుంట పడలేదు కాబట్టి ఆ గీతలను అక్కడే ఆపొచ్చు. పళ్లను గట్టిపరిచే ఫ్లోరైడ్ పూత (వార్నిష్) పూశాను. పాలు తాగించాక పళ్లు తోమి పడుకోబెట్టమన్నాను. మూడు నెలల తర్వాత మళ్లీ తీసుకురమ్మన్నాను.