ప్రాగ్ జెండా మీది సత్యం ఎక్కడిది?

చెక్ అధ్యక్షుడి జెండా మీద ‘ప్రావ్దా వీతెజీ’ అని రాసి ఉంటుంది. సత్యం జయిస్తుందని అర్థం. మన ‘సత్యమేవ జయతే’ ఉపనిషత్తులోంచి వస్తే, వాళ్ల మాట వెనక ఓ సజీవదహనం ఉంది.

ప్రాగ్‌లోని బెత్లెహేం ప్రార్థనాలయాన్ని 1391లో స్థాపించింది ప్రత్యేకించి చెక్ భాషలో ప్రసంగాల కోసం. మూడు వేల మంది దాకా పట్టేవారు. 1402 నుంచి అక్కడ యాన్ హుస్ అనే క్రైస్తవ గురువు మాట్లాడేవారు. సంఘానికి శిరస్సు క్రీస్తే, పోప్ కాదన్నారు. 1412లో పాపపరిహార పత్రాల అమ్మకాన్ని ఎదిరించారు. సత్యాన్ని వెతుకు, విను, నేర్చుకో, ప్రేమించు, చావు వచ్చేదాకా కాపాడుకో అని ఆ ఏడే రాశారు.

రాజు సిగిస్మండ్ అభయపత్రం ఇస్తే నమ్మి కాన్‌స్టాన్స్ చర్చి మహాసభకు వెళ్లారు. వెళ్లిన నెల తిరక్కముందే చెరలో వేశారు. లేఖనాలు చూపి నా తప్పు నిరూపిస్తే మాట వెనక్కి తీసుకుంటానని ఆయన అంటూనే ఉన్నారు. 1415 జులై 6న నెత్తిన దయ్యాల బొమ్మలు గీసిన కాగితపు టోపీ పెట్టి తగలబెట్టారు. గుర్తుగా దాచుకోడానికి పిడికెడు బూడిద కూడా దక్కకూడదని రైన్ నదిలో కలిపేశారు.

తర్వాత ఆయన అనుచరులు కత్తి పట్టారు. పేతర్ హెల్చిత్స్కీ అనే ఆలోచనాపరుడు మాత్రం విశ్వాసం పేరుతో చంపడం ఏ రకంగానూ సరికాదన్నారు. నా దృష్టిలో హుస్‌ను లోతుగా అర్థం చేసుకున్నది ఈయనే. ఆయన ఆలోచనల ప్రభావంతోనే 1457లో ‘సహోదర ఐక్యత’ అనే చిన్న సంఘం పుట్టింది. 1620లో శ్వేతపర్వత యుద్ధంలో చెక్ ప్రొటెస్టెంట్లు కాథలిక్ చక్రవర్తి సేనల చేతిలో ఓడాక ఆ సంఘీయులకు సొంత గడ్డ మీద చోటు లేకుండా పోయింది. తర్వాత వాళ్ల బిషప్పైన విద్యావేత్త కొమెన్‌స్కీ 1628లో దేశం వదిలి, మళ్లీ తిరిగి రాలేదు. ఆడా మగా, పేదా గొప్పా తేడా లేకుండా అందరికీ చదువు చెప్పాలని పరాయి ఊళ్లలో కూర్చునే రాశారు.

చెక్ చరిత్రకు అర్థం ఈ వరుసలోనే ఉందని 1895లో తత్త్వవేత్త మసరిక్ వాదించారు. హుస్ నాటి మనుషులకు మీ ఆధునిక ఆశలు అంటగడుతున్నారని చరిత్రకారుడు పెకార్జ్ ఎదురు తిరిగారు. చరిత్రగా చూస్తే పెకార్జ్ మాటలో బలముంది. కానీ 1918లో కొత్తగా ఏర్పడ్డ చెకోస్లొవేకియాకు అధ్యక్షుడైంది మసరిక్. జెండా మీదికి ఆ మాట ఎక్కింది ఆయన హయాంలోనే.

కమ్యూనిస్టు పాలకులు విశ్వవిద్యాలయంలోంచి పంపేశాక, తత్త్వవేత్త యాన్ పాతొచ్కా ఏళ్ల తరబడి కొమెన్‌స్కీ రచనల మీదే పనిచేశారు. 1977లో మానవ హక్కులు అడిగిన చార్టర్ 77 అనే ప్రకటన తరఫున మాట్లాడటానికి ముందుకొచ్చారు. బాధపడి నిలబడదగిన విషయాలు కొన్ని ఉంటాయన్నది ఆయన నమ్మకం. పోలీసుల విచారణలతో చిక్కిపోయి మార్చి 13న చనిపోయారు. అప్పటికి 69 ఏళ్లు. అంత్యక్రియల్లో మాటలు వినపడకుండా పైన హెలికాప్టరు తిప్పారు, పక్కనే మోటారుసైకిళ్లు మోగించారు. మరుసటి ఏడు నాటక రచయిత వాత్స్లావ్ హావెల్ తన ప్రసిద్ధ వ్యాసం ‘శక్తిహీనుల శక్తి’ని పాతొచ్కాకే అంకితమిచ్చారు. సత్యంలో బతకడం అన్నదే అందులోని అసలు మాట.