ప్రోస్టేట్ ముక్క మీద గోధుమ రంగు

పాలకొండ నుంచో, బొబ్బిలి నుంచో ప్రోస్టేట్ క్యాన్సర్ రోగిని విశాఖ తీసుకెళ్లేటప్పుడు ఇంటివాళ్ల ఫైల్లో పీఎస్ఏ (ప్రోస్టేట్ రక్తపరీక్ష), స్కానింగు, బయాప్సీ రిపోర్టు ఉంటాయి. చాలామంది మరిచిపోయేది బ్లాకు, అంటే తీసిన ముక్కను మైనంలో పోసి దాచిన దిమ్మ. రిసెప్టర్ల (కణం బయటి కబుర్లు అందుకునే ప్రోటీన్ల) సంగతి కాగితం చూసి తేల్చలేం, బ్లాకే కావాలి.

ఈజీఎఫ్ఆర్, హెర్2, హెర్3 కణం పొర మీద ఉండే రిసెప్టర్లు. గ్రోత్ ఫ్యాక్టర్ తగలగానే ఇవి జతకట్టి, పెరగమని లోపలికి కబురు పంపుతాయి. హార్మోన్ చికిత్సలో ఈ క్యాన్సర్‌ను పెంచే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను డెసీలీటరుకు 50 నానోగ్రాముల లోపుకు దించుతాం. అంత కరువులోనూ హెర్2, హెర్3 జంట ఆండ్రోజెన్ రిసెప్టర్‌ను (మగ హార్మోన్ కబురు అందుకునే ప్రోటీన్‌ను) పనిచేయించగలదు. హార్మోన్ చికిత్సకు లొంగని దశలో ఈ రిసెప్టర్లు ఎక్కువగా కనబడటం అందుకే ముఖ్యమైన విషయం. అయినా అన్ని ల్యాబుల ఫలితాలూ ఒకే తీరుగా రాలేదు. లోపం చాలాసార్లు ముక్కను చూసుకున్న తీరులోనే ఉంటుంది.

ముక్క తీసిన వెంటనే దానికి కనీసం పది రెట్లు ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా నిలిపే ద్రావణంలో) వేయాలి. సెలైన్‌లో పెడితే పాడవుతుంది. ఫార్మలిన్‌లో 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు మించకుండా ఉంచాలి. సూదితో తీసిన సన్న ముక్కే కదా అని రెండు గంటల్లో తీసేయకూడదు: ఫార్మలిన్ లోపలికి త్వరగానే దిగుతుంది గానీ ప్రోటీన్లను బిగించడానికి సమయం తీసుకుంటుంది. క్యాన్సర్ పాకిన ఎముక నుంచి తీసిన ముక్కను మెత్తబరచడానికి ఘాటు యాసిడ్ వాడితే డీఎన్ఏ చెడుతుంది. కాల్షియాన్ని మెల్లగా తీసే ఈడీటీఏ ద్రావణం నిదానమైనా మేలు.

తర్వాత 3, 4 మైక్రాన్ల మందాన కోసి, రిసెప్టర్‌కు అంటుకునే యాంటీబాడీ పట్టించి, అది అంటిన చోట గోధుమ రంగు తేలుస్తారు. హెర్2కు 0 నుంచి 3+ వరకు స్కోరు వేస్తారు. ఇక్కడ నేను ముందు చూసేది క్యాన్సర్ కణాలను కాదు, పక్కనున్న మామూలు గ్రంథుల అడుగు వరుస కణాలను. వాటికి సహజంగానే ఈజీఎఫ్ఆర్ ఉంటుంది. వాటికే రంగు పట్టలేదంటే పరీక్షే తప్పింది, 'నెగెటివ్' అని రాయకూడదు.

రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 3+ వస్తే మందు దారి తెరుచుకున్నట్టే. ప్రోస్టేట్‌లో హెర్2 జన్యువు అధిక ప్రతులుగా పెరగడం అరుదు. హెర్2ను అడ్డే మందు ట్రాస్టుజుమాబ్, ఈజీఎఫ్ఆర్‌ను అడ్డే జెఫిటినిబ్ ఇక్కడ ఆశించిన మేలు చేయలేదు. కారణాల్లో ఒకటి, పెరగమనే కబురును లోపల అదుపు చేసే పీటెన్ జన్యువు పోవడం. ప్రోస్టేట్ క్యాన్సర్ ముదిరేకొద్దీ ఇది తరచు కనబడుతుంది. పీటెన్ చెరువు గట్టు లాంటిదైతే, రిసెప్టర్ మదుము. గట్టు తెగిన చెరువుకు మదుము మూస్తే నీరు ఆగదు కదా.

కాబట్టి జబ్బు ఎటు పోతుందో అంచనా వేసేటప్పుడు ఈనాటికీ గ్లీసన్ (మైక్రోస్కోపులో కణాల తీరు చూసి వేసే స్కోరు), పీఎస్ఏ, వ్యాప్తి, ఈ మూడే ముందు. గ్లీసన్ 3+4, 4+3 రెండూ ఏడే అయినా ఒకటి కావు. మొదటిది గ్రేడ్ గ్రూపు 2, రెండోది 3. రిపోర్టులో మొత్తం ఒక్కటే రాసి ఉంటే విడివిడిగా రాసిమ్మని అడగండి. ఉద్దానం వైపు వాళ్లకు ఇంకో మాట: రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) పెరగ్గానే అది ఉద్దానం కిడ్నీ జబ్బే అనుకోకండి. ప్రోస్టేట్ అడ్డుపడి మూత్రం నిలిచినా పెరుగుతుంది. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీలు ఉబ్బి కనిపిస్తే గొట్టం వేసి మూత్రం తీయడంతోనే క్రియాటినిన్ చాలావరకు దిగవచ్చు.

బ్లాకు తీసుకునేటప్పుడు దాని మీది నంబరూ రిపోర్టులోని నంబరూ సరిచూసుకోండి. ముందే కోయించి పెట్టుకున్న స్లైడ్లలో నెలలు గడిచేకొద్దీ రంగు పట్టే గుణం తగ్గుతుంది, బ్లాకు చాలా ఏళ్లు నిలుస్తుంది. దాని మైనం 56 నుంచి 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెల ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి, చేతిసంచిలో దగ్గరే ఉంచుకోండి.