గోల్ఫ్ కోర్సు గురించి జనం అనే మాటలు, గడ్డి పెంచేవాడిగా నాకు తెలిసిన నిజాలు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే గోల్ఫ్ కోర్సులో గడ్డి పెంచుతానని చెబుతాను. హోదా పేరు కోర్స్ సూపరింటెండెంట్. వ్యవసాయ డిగ్రీ అయ్యాక హైదరాబాదు చుట్టుపక్కల కోర్సుల్లోనే ఇరవై ఏళ్ళు గడిచాయి. మా షెడ్డులో తెల్లవారుజామున నాలుగున్నరకే లైట్లు వెలుగుతాయి. ఆరింటికి మొదటి ఆటగాడు వచ్చేలోపు పద్దెనిమిది గ్రీన్ల మీద మంచు దులపాలి, గడ్డి కోయాలి, నిన్నటి రంధ్రాలు పూడ్చి వేరే చోట కొత్తవి తవ్వాలి. గ్రీన్ అంటే జెండా పాతి ఉండే నున్నటి జాగా. బంతి పడాల్సిన ఆ రంధ్రం వెడల్పు ప్రపంచంలో ఎక్కడైనా 108 మిల్లీమీటర్లే.

పెళ్ళిళ్ళలో, పిల్లల స్కూలు మీటింగుల్లో నా పని సంగతి రాగానే అవే మాటలు వినిపిస్తాయి. కొన్ని పూర్తిగా తప్పు. కొన్నింటిలో సగం నిజం ఉంది. ఆ సగం గురించి మా రంగంలోవాళ్ళే నోరు విప్పాలి.

అపోహ: అది ఫారిన్ గడ్డి, మన నేలకి పట్టదు.

బెర్ముడా గ్రాస్ అన్న పేరు విని ఇలా అనుకుంటారు. బెర్ముడా అంటే మన గరికే. వినాయక చవితికి రెండేసి పోచలు లెక్కపెట్టి పెడతామే, అదే. శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. గ్రీన్ల మీద వాడే సన్నటి రకాలు ఈ గరికని దక్షిణాఫ్రికాలోని దాని చుట్టంతో కలిపి చేసిన సంకరాలు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ అనే ఊళ్ళో తయారయ్యాయి కాబట్టి టిఫ్‌డ్వార్ఫ్, టిఫ్‌ఈగిల్ అని ఆ ఊరి పేరు కలిపి పిలుస్తారు. వీటికి విత్తనం రాదు. చెరకు ముచ్చెలు నాటినట్టు తీగ ముక్కలు చల్లి, ఇసుక కప్పి, తడుపుతూ పెంచాలి.

గ్రీన్ మీద ఈ గరికని మూడున్నర మిల్లీమీటర్ల ఎత్తుకి కోస్తాం. రెండు రూపాయి బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పెడితే ఎంత మందమో దాదాపు అంత. అంత పొట్టిగా రోజూ కోయించుకుంటూ బతకడం ఏ మొక్కకైనా కష్టమే. దానికి పోటీగా తుంగ మొలిచిందంటే ఇక చెప్పక్కర్లేదు. మా కలుపు బృందంలో ఉన్నది పక్క ఊళ్ళ ఆడవాళ్ళు, ఒకప్పుడు వరి మళ్ళలో కలుపు తీసినవాళ్ళు. నేను కొత్తగా చేరిన రోజుల్లో తుంగని పైపైన పీకేస్తుంటే వాళ్ళలో పెద్దామె ఆపింది. "గట్ల పీకితే పోదు సారూ, కింద గడ్డ తియ్యాలె. లేకుంటే నాలుగు దినాలల్ల మల్లొస్తది" అని చిన్న కత్తి లోపలికి దింపి గడ్డతో సహా తీసి చూపించింది. పుస్తకంలో నేను చదువుకున్నదీ అదే. చేత్తో చెయ్యడం మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

అపోహ: గోల్ఫ్ కోర్సు ఊరి నీళ్ళన్నీ తాగేస్తుంది.

ఇది కొట్టిపారేసే మాట కాదు. లెక్క చెబుతాను. ఒక హెక్టారు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్ళు పెట్టాలంటే పదివేల లీటర్లు కావాలి. మే నెల ఎండలో మన దగ్గర గరికకి రోజుకి ఐదు మిల్లీమీటర్ల దాకా నీళ్ళు పట్టాలి. పద్దెనిమిది రంధ్రాల కోర్సులో గ్రీన్లు, ఆట మొదలుపెట్టే టీలు, వాటి మధ్య పొట్టి గడ్డి దారులైన ఫెయిర్‌వేలు కలిపి 12 హెక్టార్లకి నీళ్ళు పెడుతున్నాం అనుకుంటే రోజుకి 6 లక్షల లీటర్లు. ఐదువేల లీటర్ల ట్యాంకర్లు 120 అన్నమాట.

ఆ నీళ్ళు బోర్లలోంచి తోడుతున్నారంటే విమర్శించేవాళ్ళదే న్యాయం. పక్క కాలనీలో జనం బిందెలతో వరసలో నిలబడితే మనం ఆట కోసం భూగర్భ జలం తోడటం తప్పు. దీనికి దారి శుద్ధి చేసిన మురుగునీరు. మా దగ్గర చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల మురుగు శుద్ధి ప్లాంటు నీళ్ళే వాడతాం. అందులో ఎంతో కొంత నత్రజని ఉంటుంది కాబట్టి ఎరువు తగ్గుతుంది. ఇబ్బందీ ఉంది. ఆ నీళ్ళలో ఉప్పు ఎక్కువ. సోడియం పేరుకుని ఎర్రనేల బిగుసుకుపోతుంది. అందుకే ఏటా జిప్సం చల్లుతాం, తొలకరి వానలు ఆ ఉప్పుని కిందికి కడిగేదాకా ఎదురు చూస్తాం. జూన్‌లో మొదటి పెద్ద వాన పడ్డ రాత్రి నాకు వచ్చే నిద్ర ఏడాదిలో మరే రాత్రీ రాదు.

నీటి వాడకం తగ్గాలంటే ఆడేవాళ్ళ కళ్ళు కూడా మారాలి. ఏప్రిల్‌లో టీవీలో మాస్టర్స్ టోర్నమెంటు చూసి, అది జరిగే అమెరికాలోని అగస్టా క్లబ్బులా మనది ఎందుకు లేదని అడుగుతారు. అగస్టాలో చలికాలం ముందు రై గడ్డి విత్తుతారు, ఎండాకాలం పొడుగునా ఆ క్లబ్బు మూసే ఉంటుంది. మనం మే నెలలో 42 డిగ్రీల ఎండలో కూడా కోర్సు తెరిచి నడుపుతాం. రఫ్‌లో, అంటే పక్కన పొడుగు గడ్డి ఉండే చోట, వేసవిలో గోధుమ రంగు రావడం సహజం. గరిక చావదు, పడుకుంటుంది. రెండు వానలు పడితే లేస్తుంది. ఎండిన రఫ్‌ని చూసి ఫిర్యాదు రాసే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోమని ప్రతి సభ్యుడినీ వేడుకుంటాను.

అపోహ: బాగున్న గ్రీన్లకి చిల్లులు పొడిచి పాడు చేస్తారు.

ఇది ఆడేవాళ్ళ అపోహ. ఏడాదికి ఒకటి రెండుసార్లు గ్రీన్ల నిండా బొటనవేలు సగం పట్టేంత చిల్లులు పొడిచి, మట్టి ముద్దలు బయటికి తీసి, ఇసుక నింపుతాం. రోజూ వందల అడుగులు పడి నేల గట్టిపడుతుంది. చచ్చిన వేర్లు, కాడలు చాపలా పేరుకుంటాయి. గాలి ఆడదు, నీళ్ళు దిగవు, వేరు పైపైనే ఉండిపోతుంది. చిల్లులు పొడిచాక రెండు మూడు వారాలు బంతి గంతులేస్తుంది, నిజమే. ఆ తర్వాత కొత్త తెల్లటి వేర్లు ఇసుకలోకి దిగడం చూస్తే కడుపు నిండుతుంది.

నేను ఇంతకు ముందు పని చేసిన ఒక క్లబ్బులో టోర్నమెంటు ఉందని ఈ పనిని ఒకసారి వాయిదా వేశారు, తర్వాత అతిథులు వస్తున్నారని ఇంకోసారి. ఆగస్టులో పది రోజులు ముసురు పట్టింది. రెండు గ్రీన్ల మీద నీళ్ళు నిలిచి, బూజు తెగులు పట్టి, గడ్డి చేతికి తోలులా ఊడి వచ్చింది. కింద వేరు అంగుళం కూడా లేదు. వాటిని మళ్ళీ నాటి ఆటకి ఇచ్చేసరికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ మా వాళ్ళకి సెలవు లేదు. ఆ రోజు గట్టిగా కాదని చెప్పకపోవడం నాదే తప్పు. అప్పటి నుంచి తేదీ విషయంలో రాజీ పడటం లేదు.

అపోహ: మందులు కొడతారు కాబట్టి పక్షి కూడా బతకదు.

మందులు కొడతాం. గ్రీన్ల మీద తెగులు కనిపిస్తే శిలీంధ్రనాశిని, వానాకాలంలో లద్దె పురుగు దిగితే పురుగుమందు. కొట్టేవాడికి మాస్కు, చేతి తొడుగులు ఉన్నాయా లేదా అన్నదే ఆ రోజు నా మొదటి టెన్షన్. కానీ గ్రీన్లు మొత్తం స్థలంలో చిన్న ముక్క. మిగతా చోట రాళ్ళు, తుప్పలు, చెట్లు, కుంటలు. తీతువు పిట్ట నేల మీదే గుడ్లు పెడుతుంది. ఆ చోటు కనిపించగానే తాడు కట్టి, గడ్డి కోసే మోయర్ అటు వెళ్ళకుండా చూస్తాం. నెమళ్ళు బంకర్లనే గుంటల్లో ఇసుక కెలికిపోతాయి, పొద్దున్నే మళ్ళీ సాపు చేస్తాం.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ళ ఆట, మామూలు ఇళ్ళ నుంచి ఎవరూ రారు.

మన దేశపు గోల్ఫ్ చరిత్రే దీనికి జవాబు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో క్యాడీగా బ్యాగులు మోసిన అలీ షేర్ 1991లో మన దేశపు పెద్ద టోర్నమెంటు ఇండియన్ ఓపెన్ గెలిచాడు, 1993లో మళ్ళీ గెలిచాడు. బెంగళూరులో క్యాడీగా మొదలైన చిన్నస్వామి మునియప్ప 2009లో అదే టైటిల్ గెలిచాడు. ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి 1829 నాటి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో గ్రీన్లు చూసుకునే పనివాడు. ఆ కొడుకు 2016లో, 2017లో వరసగా రెండేళ్ళు ఇండియన్ ఓపెన్ గెలిచాడు. మా షెడ్డులో ఈ పేరు ఎత్తితే అందరి మొహాలూ వెలుగుతాయి, ఎందుకంటే అది మా పనివాడి కొడుకు కథ.

ఇది చెప్పి ఊరుకుంటే అబద్ధం ఆడినట్టే. వీళ్ళు తలుపు తెరిచి ఉండి లోపలికి రాలేదు. పని కోసం లోపల ఉన్నారు కాబట్టి ఆట పట్టుకున్నారు. బయట ఉన్న పిల్లాడికి ఇప్పటికీ దారి ఇరుకే. క్యాడీ జీవితం కూడా తేలిక కాదు. చాలాచోట్ల నెల జీతం ఉండదు, రౌండుకి, అంటే ఒక పూర్తి ఆటకి, ఇంత అని కూలి. వాన పడితే కూలి లేదు. 2020లో కోర్సులు మూసినప్పుడు ఇంటి అద్దె కట్టలేక ఊళ్ళకి వెళ్ళిపోయినవాళ్ళు నాకు తెలుసు, కొందరు తిరిగి రాలేదు. కొత్త కోర్సుల్లో బ్యాటరీ బండ్లు ఎక్కువైన కొద్దీ వీళ్ళ పని తగ్గుతోంది. క్యాడీకి ఆరోగ్య బీమా, వారంలో ఒక రోజు ఉచితంగా ఆడుకునే హక్కు ఇవ్వడం ఏ క్లబ్బుకీ భారం కాదు. మనకి తర్వాతి మునియప్ప కావాలంటే చెయ్యాల్సింది అదే.

అపోహ: గోల్ఫ్ వ్యాపారం పడిపోయింది. లేదా, ఇప్పుడు బంగారు గని.

రెండు మాటలూ ఒకే పదేళ్ళలో విన్నాను. 2016లో నైకీ గోల్ఫ్ కర్రలు (వీటినీ క్లబ్బులనే అంటారు), బంతుల తయారీ మానేసింది. మరుసటి ఏడాది అడిడాస్ తన గోల్ఫ్ సామాన్ల కంపెనీ టేలర్‌మేడ్‌ని అమ్మేసింది. అప్పుడు ఈ ఆట పని అయిపోయిందన్నారు. కోవిడ్ వచ్చాక ఆరుబయట, దూరం దూరంగా ఆడే ఆట కావడంతో జనం ఎగబడ్డారు. 2021లో ఒక్క అమెరికాలోనే 50 కోట్ల రౌండ్లు దాటాయి.

ఆ అంకెలు పట్టుకుని ఇక్కడ స్థలం కొనడానికి బయల్దేరినవాళ్ళు ఇద్దరు ముగ్గురు నన్ను సలహా అడిగారు. వాళ్ళకి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. అమెరికాలో దాదాపు 16 వేల కోర్సులున్నాయి, వాటిలో నాలుగింట మూడు వంతులు ఎవరైనా రుసుము కట్టి ఆడగలిగేవి. మన దగ్గర మొత్తం కోర్సులు కొన్ని వందలే. అందులో ఎక్కువ సభ్యుల క్లబ్బులు, సైన్యం కోర్సులు. పేరున్న క్లబ్బుల్లో సభ్యత్వం కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. ఆడాలనే కోరికకి కొదవ లేదు, అడుగుపెట్టే గుమ్మమే లేదు. 2023 సెప్టెంబరులో అమెరికా ప్రొఫెషనల్ పోటీల వరసైన పీజీఏ టూర్‌లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచిన సాహిత్ తీగల తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి వెళ్ళినవాళ్ళు. ఆ వారం మా డ్రైవింగ్ రేంజికి, అంటే బంతులు కొట్టి ప్రాక్టీసు చేసే చోటికి, పిల్లల చెయ్యి పట్టుకుని కొత్తగా వచ్చిన నాన్నలని చూశాను. బుట్ట బంతులు కొట్టి, తర్వాత కోర్సులో ఎక్కడ ఆడాలి అని అడిగారు. వాళ్ళకి చూపించడానికి నా దగ్గర చోటు లేదు. ఆ సంగతి ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇంకో లెక్క ఇళ్ళ స్థలాలది. కోర్సు పక్కన విల్లాలు కట్టి, పచ్చదనం చూపించి అమ్ముతారు. ఇళ్ళన్నీ అమ్ముడయ్యాక గడ్డి కోసే ఖర్చు ఎవరిది? ఇలా ఇళ్ళ కోసం కట్టిన కోర్సులు అమెరికాలో 2006 తర్వాత చాలా మూతపడ్డాయి. కొనేముందు నిర్వహణ నిధి ఎంత, ఎవరి పేరున ఉంది, నీళ్ళు ఎక్కడివి అని కాగితం మీద అడగండి. పద్దెనిమిది రంధ్రాలే కావాలని పట్టుబట్టడం కూడా మానాలి. తొమ్మిది రంధ్రాల పొట్టి కోర్సు నలభై ఎకరాల్లో పడుతుంది, రెండు గంటల్లో ఆట అయిపోతుంది, నీళ్ళు సగం చాలు. నా చేతిలో డబ్బుంటే అదే కడతాను.

అపోహ: ఖరీదైన కిట్టు లేకపోతే ఆడలేం.

నిబంధనల ప్రకారం బ్యాగులో 14 క్లబ్బుల (కర్రల) దాకా పెట్టుకోవచ్చు. నేర్చుకునేవాళ్ళకి మొదటి మూడు నెలలు బంతిని లేపి కొట్టడానికి ఒక సెవెన్ ఐరన్, గ్రీన్ మీద రంధ్రంలోకి నెట్టడానికి ఒక పట్టర్ చాలు. అవి కూడా వాడినవి కొనండి. మిగిలిన డబ్బు కోచ్‌కి ఇవ్వండి.

అపోహ: ఇందులో ఒళ్ళు అలిసేది ఏముంది?

బండి ఎక్కకుండా పద్దెనిమిది రంధ్రాలు ఆడితే ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు నడుస్తారు, నాలుగు గంటల పైన ఎండలో ఉంటారు. టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ ఆ వేడిలో నాలుగు రోజులు ఆడి, ఒక్క షాట్ తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఉదయం మా షెడ్డులో పని ఆపి అందరం ఫోన్‌లో చూశాం.

అపోహ: గోల్ఫ్‌లో ఉద్యోగమంటే కోచ్, లేకపోతే క్యాడీ.

మా దగ్గర గ్రీన్ మోయర్ల బ్లేడ్లు పదును పెట్టే మెకానిక్ ఒకప్పుడు ట్రాక్టర్ షెడ్డులో పని చేసినవాడు. కాగితం ముక్కని కత్తెరలా తెగ్గోసేదాకా ఆ బ్లేడ్ల రీలు వదలడు. స్ప్రింక్లర్ల పైపులు, పంపులు చూసేవాడు ఐటీఐ చదివాడు. వ్యవసాయం, ఉద్యానం చదివిన పిల్లలకి ఈ పని గురించి కాలేజీల్లో చెప్పేవాళ్ళు లేరు. ఆసక్తి ఉన్నవాళ్ళు దగ్గర్లోని ఏ కోర్సు సూపరింటెండెంట్‌నైనా అడిగి ఒక వారం వెంట తిరగండి. జనవరిలో వద్దు, అప్పుడు అంతా అందంగా ఉంటుంది. మే రెండో వారంలో రండి, నాలుగున్నరకి షెడ్డు దగ్గర ఉండండి, టోపీ, నీళ్ళ సీసా తెచ్చుకోండి.