పాత స్లిప్పు మీది వార్డు ఏమైంది?

పిల్లలూ,

అటక మీది ట్రంకుపెట్టెలో మీకు దొరికిన ఓటరు స్లిప్పు గురించి ఫోన్‌లో అడిగారు. "తాతయ్యా, ఈ వార్డు మ్యాపులో ఎక్కడా లేదేంటి?" అన్నారు. తార్నాకలో మన ఇల్లు అప్పుడున్న చోటే ఉంది, వార్డు మాత్రం లేదు. ఫోన్‌లో అయితే మాట సగంలో ఆగిపోతుందని ఉత్తరం రాస్తున్నాను.

ఆ స్లిప్పు 2002 నాటిది. అప్పట్లో మన నగరానికి ఉన్నది మున్సిపల్ కార్పొరేషన్ ఆఫ్ హైదరాబాద్. జనం నోట్లో దాని పేరు బల్దియా. అందులో 100 వార్డులు. ఒక్కో వార్డుకు ఒక కార్పొరేటర్. ఆ ఏడాది ఓటర్లం రెండు ఓట్లు వేశాం, ఒకటి కార్పొరేటర్‌కు, ఒకటి నేరుగా మేయర్‌కు. తీగల కృష్ణారెడ్డి గారు అలా మేయర్ అయ్యారు. తర్వాత వచ్చిన మేయర్లను జనం నేరుగా ఎన్నుకోలేదు. కార్పొరేటర్లు, వాళ్లతో పాటు నగరంలోని ఎమ్మెల్యేలు, ఎంపీల వంటి ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా వచ్చే) సభ్యులు కలిసి ఎన్నుకున్నారు.

ఆ స్లిప్పును మీ నానమ్మ దాచిపెట్టడానికి కారణం ఉంది. 2002కు ముందు మన బల్దియాకు ఎన్నికలు జరిగింది 1986లో. ఆ పాలకవర్గం గడువు 1991లో తీరిపోయింది. ఆ తర్వాత 11 ఏళ్ల పాటు మా వార్డుకు కార్పొరేటరే లేడు. ప్రభుత్వం నియమించిన స్పెషలాఫీసర్ పాలన నడిచింది. ఐదేళ్లకోసారి మున్సిపల్ ఎన్నికలు జరగాలని చెప్పే 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచే అమల్లో ఉంది. అది వచ్చాక కూడా మేం ఇంకా ఎనిమిదేళ్లకు పైగా ఎదురుచూశాం. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధే. గల్లీలో మోరీ పొంగితే ఒక ఆఫీసుకు వెళ్లేవాణ్ని. అక్కడ ఇంకో ఆఫీసుకు పొమ్మనేవాళ్లు. అక్కడివాళ్లు కాగితం తీసుకుని పంపించేసేవాళ్లు. వాళ్లలో చాలామంది మంచివాళ్లే. కానీ మళ్లీ ఓటు అడగడానికి మా గడప తొక్కాల్సిన మనిషి వాళ్లలో ఒక్కరూ లేరు.

2007 ఏప్రిల్ 16న చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీని, అంటే గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌ను ఏర్పాటు చేశారు. కుత్బుల్లాపూర్, ఎల్బీనగర్, ఉప్పల్, మల్కాజిగిరి అన్నీ నగరంలోకి వచ్చేశాయి. పాత 100 వార్డుల లెక్క చెరిపేసి 150 కొత్త వార్డులు గీశారు, వాటినే డివిజన్లు అంటారు. మీ స్లిప్పు మీది వార్డు కనిపించకుండా పోయింది అప్పుడే. ఎవరూ మా దగ్గరికొచ్చి ఫలానా రోజు నుంచి ఈ వార్డు లేదని చెప్పలేదు. తర్వాతి ఓటర్ల జాబితా చూసుకుంటే తెలిసింది. కొత్త ఎన్నికలు కూడా వెంటనే రాలేదు, 2009 నవంబర్ దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఎన్నికలో కాంగ్రెస్‌కు 52, మజ్లిస్‌కు 43 స్థానాలు వచ్చాయి. రెండు పార్టీలూ మేయర్ పదవిని పంచుకున్నాయి. ముందు మేయర్ అయిన బండ కార్తీక రెడ్డి గారు మన తార్నాక డివిజన్ నుంచే గెలిచారు. మన గల్లీవాళ్లకు అది పెద్ద సంబరం. 2012లో మజ్లిస్ తరఫున మాజిద్ హుస్సేన్ గారు మేయర్ అయ్యారు. ఆ పాలకవర్గం 2014 చివర్లో దిగిపోయింది, కొత్తది 2016 ఫిబ్రవరిలో గానీ రాలేదు. చూశారా, ఇక్కడ మళ్లీ ఒక ఖాళీ! అప్పుడు టీఆర్‌ఎస్‌ 99 స్థానాలు గెలిచింది. 150లో సగం, అంటే 75 స్థానాలు మహిళలకు కేటాయించారు. మన నగర రాజకీయాల్లో నాకు బాగా నచ్చిన మార్పు ఇది.

2020 డిసెంబర్ ఎన్నిక మీలో పెద్దవాడికి కాస్త గుర్తుండాలి, కరోనా రోజులు. ఈవీఎంలు లేవు, బ్యాలెట్ పేపరే. ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థి పేరు పక్కన సీపీఎం గుర్తు అచ్చయింది. పోలింగ్ ఆపేసి, రెండు రోజుల తర్వాత అక్కడ మళ్లీ పెట్టారు. నేరేడ్‌మెట్‌లో కొన్ని బ్యాలెట్ల మీద ఓటు వేసే స్వస్తిక్ ముద్ర బదులు వేరే ముద్ర పడింది. వాటిని లెక్కించాలా వద్దా అన్నది కోర్టు దాకా వెళ్లి ఫలితం కొన్ని రోజులు ఆగింది. బీఎన్ రెడ్డి నగర్‌లో గెలుపు ఓటముల మధ్య తేడా కేవలం 32 ఓట్లు. మన అపార్ట్‌మెంట్‌లో ఓటర్లు అంతకంటే ఎక్కువే! అయినా ఆ రోజు నగరం మొత్తం మీద ఓటేసినవాళ్లు సగం మంది కూడా లేరు. టీఆర్‌ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 వచ్చాయి. బంజారాహిల్స్ నుంచి గెలిచిన గద్వాల విజయలక్ష్మి గారు మేయర్, మన తార్నాక నుంచి గెలిచిన మోతె శ్రీలత గారు డిప్యూటీ మేయర్ అయ్యారు.

స్లిప్పు వెనక పెన్సిల్‌తో '7' అని ఉంది, అదేమిటని చిన్నది అడిగింది కదా. 2002లో ఓట్లడగడానికి అభ్యర్థులు వస్తున్నారని తెలిసి, ముందు రోజు రాత్రి మీ నానమ్మ గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెలగని వీధిలైట్లు లెక్కపెట్టింది. ఆ లెక్కే అది. 11 ఏళ్ల తర్వాత గుమ్మంలోకి వచ్చిన మొదటి అభ్యర్థికి చెయ్యి పట్టుకుని మరీ ఆ ఏడు స్తంభాలూ చూపించింది.

మీ తాతయ్య