తోడుకున్న పెరుగు, విరిగిన పాలు, మధ్యలో ఆకర్షణ

తోడుపెట్టాక గిన్నె కదపొద్దని మా అమ్మ ఇప్పటికీ కేకేస్తుంది. చిన్నప్పుడు ఎందుకని అడిగితే "కదిపితే తోడుకోదు, అంతే" అనేది. ఆ మాట ఎంత నిజమో కొల్లాయిడ్ల గురించి, అంటే ద్రవంలో కరగకుండా తేలే అతి చిన్న రేణువుల గురించి చదివాకే నాకు అర్థమైంది.

ఆవు పాలలో నూటికి 87 వంతుల దాకా నీళ్లే. తోడుకున్నాక కూడా ఆ నీళ్లు ఎక్కడికీ పోవు. మరి రాత్రి గిన్నెలోకి ధారగా జారిన పాలు పొద్దున్నే స్పూనుతో కోస్తే ముక్కలా ఎలా నిలబడుతున్నాయి?

పాలలో కేసిన్ అనే ప్రోటీన్ చిన్న చిన్న ఉండలుగా తేలుతూ ఉంటుంది. ఒక్కో ఉండ సుమారు 100 నుంచి 200 నానోమీటర్లు (మిల్లీమీటరులో పదిలక్షో వంతు ఒక నానోమీటరు). దాని ఒంటి నిండా నూగు లాంటి పొర, పైగా రుణావేశం, అందుకే ఒకటి దగ్గరికొస్తే ఇంకొకటి నెట్టేస్తుంది. తోడులోని బ్యాక్టీరియా పాలచక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తున్నకొద్దీ పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6.7 దగ్గర్నుంచి 4.6 వైపు దిగుతుంది, ఆవేశం తగ్గుతుంది, నూగు అణగిపోతుంది. ఇక నెట్టేది లేదు, ఆకర్షణదే పైచేయి. ఉండలు అంటుకుని గొలుసులై, గొలుసులు వలై, గిన్నె ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అల్లుకుంటాయి, నీళ్లన్నీ ఆ వల కళ్లలో చిక్కుకుపోతాయి. ఇదే జెల్. అల్లిక పూర్తికాకముందే గిన్నె కదిపితే తెగిపోతుంది.

అవే పాలు మరుగుతుండగా నిమ్మకాయ పిండితే ఆకర్షణ ఒక్కసారిగా, గట్టిగా వచ్చిపడుతుంది. వల అల్లుకునే తీరిక ఉండదు. ముద్దలు ఒకవైపు, తేట ఒకవైపు.

ఆకర్షణ అంటే ఒకదాన్నొకటి లాక్కోవడమే అనుకుంటాం గానీ, నాకు అన్నిటికంటే నచ్చింది 1954లో జపాన్ శాస్త్రవేత్తలు షో అసాకురా, ఫుమియో ఊసావా చెప్పిన సంగతి. పెళ్లి హాల్లో చక్రాల బల్లల మీద రెండు పెద్ద గుండిగలు, వాటి చుట్టూ పరిగెత్తే పిల్లలు ఉన్నారనుకోండి. గుండిగల మధ్య సందు పిల్లాడు దూరలేనంత ఇరుకైతే లోపలివైపు తగిలేవాళ్లు ఉండరు, బయటివైపు మాత్రం తగులుతూనే ఉంటారు, అలా అలా ఆ రెండూ దగ్గరికి జరిగి ఆనుకుంటాయి. ద్రవంలో గుండిగలు రేణువులైతే, ఆ పిల్లల పని పాలిమర్ చుట్టలు, అంటే ఉండచుట్టుకున్న పొడవాటి గొలుసు అణువులు చేస్తాయి. పాలిమర్ ఎంత ఎక్కువ వేస్తే ఆకర్షణ అంత బలం, చుట్ట ఎంత పెద్దదైతే అది అంత దూరం పనిచేస్తుంది. స్టవ్ మంట తిప్పినట్టు ఆకర్షణను పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు!

2008లో హార్వర్డ్‌లో పీటర్ లూ, డేవిడ్ వైట్జ్, వాళ్ల సహచరులు ఇదే కిటుకుతో మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు ప్లాస్టిక్ గోళీలను మైక్రోస్కోప్ కింద గమనించారు. ఆకర్షణ ఒక హద్దు దాటగానే ద్రవం రెండుగా విడిపోవడం మొదలవుతుంది, గోళీలు కిక్కిరిసిన చోట్లు, పలచబడిన చోట్లు, ఆవిరిలోంచి నీటిబొట్లు పుట్టినట్టే. కానీ కిక్కిరిసిన చోట కాసేపటికి కదలడానికి సందే ఉండదు, సంక్రాంతి ముందురోజు బస్టాండులా. విడిపోవడం సగంలో ఆగిపోతుంది. అలా ఆగిపోయిన రూపమే ఆ జెల్ అని వాళ్లు తేల్చారు. పెరుగులో అచ్చంగా ఇదే జరుగుతుందని నేను అనను, అక్కడ ఆకర్షణ గంటల తరబడి మెల్లగా పెరుగుతుంది, ఉండలు కూడా మెత్తనివి. అయినా ఈ ఫలితం చదివాక గిన్నెలో పెరుగును నేను వేరేగా చూస్తున్నాను.

పైగా ఆగింది అలాగే ఉండిపోదు. ఆకర్షణ బలహీనంగా ఉన్న జెల్ గంటల పాటు చెక్కుచెదరనట్టు నిలబడి, ఉన్నట్టుండి తన బరువుకే కూలిపోతుంది. ఎడిన్‌బరాలో విల్సన్ పూన్ బృందం దీన్ని చాలా దగ్గరగా పరిశీలించింది. బరువు ప్రభావం లేకుండా చూడాలని ఇలాంటి శాంపిళ్లను అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి కూడా పంపారు, వ్యోమగాములు అక్కడ వాటికి ఫొటోలు తీశారు. నూనె బొట్లు తేలే సలాడ్ డ్రెస్సింగ్ లాంటి వాటిలో చిక్కదనం కోసం వేసే, తానూ ఒక పాలిమరే అయిన జాంతన్ గమ్‌తోనూ ఇదే చిక్కు: మరీ కొంచెం వేస్తే బొట్లు గుమిగూడి ఇంకా తొందరగా పైకి తేలతాయి, సరిపడా వేస్తేనే నిలుస్తాయి.

పొద్దున పెరుగు గిన్నెలో స్పూను దించి ఒక పక్క తీసుకుని, మిగిలింది అలాగే ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం చూడండి. కోసిన గాడిలో లేత ఆకుపచ్చగా నీళ్లు తేరి ఉంటాయి. తెగిన వల ఇంకా సర్దుకుంటూ, దగ్గరికి ముడుచుకుంటూ, పట్టుకున్న నీటిని కొంచెం కొంచెంగా వదిలేస్తోంది.