మూడు పిన్నులున్నంత మాత్రాన బ్యాలెన్స్‌డ్ కాదు

చెన్నై వడపళనిలో మైకులు, వాటి సిగ్నల్‌ను పెంచే ప్రీయాంపులు బాగుచేసే పని నాది. మొన్న సాలిగ్రామంలో గది తీసుకున్న నెల్లూరు కుర్రాడొకడు కేబులు తెచ్చాడు. "అన్నా, ఎక్స్‌ఎల్‌ఆరే కదా, మరి గుంయ్‌మంటోందేం?" అన్నాడు. ఎక్స్‌ఎల్‌ఆర్ అంటే మైకు కేబుళ్లకుండే మూడు పిన్నుల కనెక్టర్. దాన్ని విప్పాను. బ్యాలెన్స్‌డ్ కేబుల్లో బయటి రొద పోవడానికి సిగ్నల్‌కు రెండు వైర్లుండాలి. ఇందులో ఒక్కటే వైరు, చుట్టూ షీల్డు (లోహపు తొడుగు). మూడో పిన్నును చిన్న తీగముక్కతో ఒకటో పిన్నుకు కలిపి సోల్డర్ చేసేశారు.

అపోహ: మూడు పిన్నులుంటే బ్యాలెన్స్‌డే.

కాదు. హెడ్‌ఫోన్ జాక్‌కీ మూడు భాగాలుంటాయి, అది స్టీరియో. కనెక్టర్‌ని చూసి నమ్మకండి, మీటరు పెట్టి చూడండి.

అపోహ: రెండో వైరులో సిగ్నల్ తలకిందులుగా వెళ్తేనే బ్యాలెన్స్‌డ్.

చాలాకాలం పనిచేసిన వాళ్లూ ఇదే చెబుతారు. అసలు సంగతి వేరు. రెండు వైర్లకూ గ్రౌండ్‌తో ఉన్న ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) సమానంగా ఉండాలి, అంతే. అప్పుడు బయటి రొద రెండింటి మీదా ఒకేలా పడుతుంది. ప్రీయాంప్ ఆ రెండింటి తేడానే తీసుకుంటుంది కాబట్టి రొద కొట్టుకుపోతుంది. రెండో పిన్ను మీద మాత్రమే సిగ్నల్ పంపే కండెన్సర్ మైకులు ఎన్నో ఉన్నాయి, అవీ బ్యాలెన్స్‌డే.

ఈ సమానత్వం ఎంత ముఖ్యమో లెక్క చూడండి. డైనమిక్ మైక్ (కాయిల్‌తో పనిచేసేది) ఇచ్చేది ఒకటి రెండు మిల్లీవోల్టులు. ప్రీయాంప్‌లో 60 డెసిబెల్స్ గెయిన్ (పెంపు) పెడితే అది 1000 రెట్లవుతుంది, మిగిలిపోయిన రొద కూడా అంతే పెరుగుతుంది. అందుకే ఫాంటమ్ (కండెన్సర్ మైకుకు అదే కేబుల్లో పంపే పవర్) ఇచ్చే 6.8 కిలోఓమ్ రెసిస్టర్ల జతలో తేడా 0.4 శాతం దాటకూడదంటారు. ఒకటి కాలిపోతే చేతికందింది వేసి ఊరుకోవద్దు. నేను ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారైన రిచీ స్ట్రీట్‌లో ఒకే పట్టీలోవి పదిపన్నెండు కొని, ఒక్కొక్కటీ కొలిచి జత ఏరుకుంటాను. అరగంట పడుతుంది, పడనివ్వండి.

అపోహ: 48 వోల్టుల ఫాంటమ్ డైనమిక్ మైకును కాల్చేస్తుంది.

కేబులు సరిగా ఉంటే రెండు, మూడు పిన్నుల మీద ఒకే వోల్టేజీ ఉంటుంది, కాయిల్‌లో కరెంటు పారదు. కానీ ఆ కుర్రాడి కేబుల్లా మూడో పిన్ను గ్రౌండ్ అయిందా, దాదాపు 7 మిల్లీయాంపులు కాయిల్‌లోంచే పోతాయి. రిబ్బన్ మైకైతే లోపలి పల్చటి రేకు సాగిపోయే ప్రమాదముంది.

అపోహ: అన్‌బ్యాలెన్స్‌డ్ అంటే పనికిరానిది.

పక్కనే ఉన్న కీబోర్డుకు రెండు మూడు మీటర్ల వైరు హాయిగా చాలు. దూరమైతే డీఐ బాక్స్ (సిగ్నల్‌ను బ్యాలెన్స్‌డ్‌గా మార్చే డబ్బా) పెట్టండి.

అపోహ: హమ్ వస్తే ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేస్తే సరి.

దయచేసి ఈ పని ఎప్పుడూ చేయకండి. ఆ పిన్ను మీ ప్రాణం కోసం పెట్టింది. 50 హెర్ట్జ్ హమ్ గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్‌ల మధ్య ఏర్పడే చుట్టుదారి) వల్ల వస్తోందనిపిస్తే ముందు ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు అన్నీ ఒకే బోర్డుకు పెట్టి చూడండి. ఆ కుర్రాడు స్పీకర్ ప్లగ్గుకు ఎర్త్ పిన్ను ఎప్పుడో పీకేశాడట. ముందు అది మార్పించాకే, రెండు వైర్ల కేబులు కొత్తగా చేసి చేతిలో పెట్టాను.