సెమినార్‌కి సారఖామ్ వెళ్తున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

థాయ్‌లాండ్‌లో సెమినార్ అని చెప్పి చూడండి, స్టాఫ్ రూమ్‌లో ఎవరో ఒకరు దగ్గుతారు. ఇంట్లో అయితే దగ్గు కూడా ఉండదు, నేరుగా చూపే. నా పని అలాంటి ప్రయాణాలకు టికెట్లు, బస ఏర్పాట్లు చూడటం. ఎక్కువగా కాలేజీ అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు వస్తారు. కొన్నిసార్లు గ్రూపుతో పాటు నేనూ వెళ్తాను. అలా బాగా అలవాటైన ఊరు ఈశాన్య థాయ్‌లాండ్‌లోని మహాసారఖామ్. అక్కడివాళ్లు ముద్దుగా సారఖామ్ అనేస్తారు. 'ఖామ్' అంటే మన గ్రామమే, పాలీలో గామ. ఆ లెక్కన మహాసారగ్రామం. ఈ ఊరి గురించి నన్ను అడిగే ప్రశ్నల్లో సగం పటాయాను మనసులో పెట్టుకుని అడిగేవే. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: అదేదో పల్లెటూరు, అక్కడ యూనివర్సిటీ ఏముంటుంది?

ఊరు చిన్నదే, కాదనను. కానీ ఆ జిల్లా అధికారిక నినాదంలోనే 'తక్కసిలా నకోన్' అని ఉంటుంది, అంటే తక్షశిలా నగరం. ఊరు ఏర్పడింది 1865లో. 1968లో ఇక్కడ ఉపాధ్యాయుల శిక్షణ కోసం కాలేజీ పెట్టారు. 1974లో అది బ్యాంకాక్ యూనివర్సిటీ ఒకదానికి శాఖగా మారింది. 1994 డిసెంబరులో సొంత కాళ్ల మీద మహాసారఖామ్ యూనివర్సిటీ అయింది. ఊళ్లోనే రాజభట్ యూనివర్సిటీ ఇంకొకటి ఉంది, పేరు చూస్తేనే అర్థమవుతుంది కదా, రాజభట.

ఒక్క మెలిక మాత్రం గుర్తుంచుకోండి. మహాసారఖామ్ యూనివర్సిటీకి రెండు ప్రాంగణాలు. ఒకటి ఊళ్లో ఉన్న పాతది, దాన్ని 'మో కావ్' అంటారు. రెండోది ఖామ్ రియాంగ్ దగ్గరున్న కొత్తది, 'మో మై'. పెద్దది కొత్తదే, పక్క మండలంలో ఉంది. ఆహ్వాన పత్రంలో ఏ ప్రాంగణమో చూడకుండా ఊరి నడిబొడ్డున హోటల్ తీసుకుంటే రోజూ పొద్దున్నే సాంగ్‌తేవ్ కోసం రోడ్డు మీద నిలబడాలి. సాంగ్‌తేవ్ అంటే రెండు వరసలు. వెనక ఎదురుబొదురు బెంచీలు వేసిన పికప్ బండి, మన షేర్ ఆటోకి అన్న.

అపోహ: బ్యాంకాక్‌లో దిగితే వచ్చేసినట్టే

బ్యాంకాక్ నుంచి ఇంకా దాదాపు 470 కిలోమీటర్లు. సారఖామ్‌లో విమానాశ్రయం లేదు, ఇది రాసేనాటికి రైలూ లేదు. బాన్ ఫై నుంచి సారఖామ్, రోయెట్ మీదుగా నకోన్ ఫనోమ్ దాకా కొత్త రైలు మార్గం పనులు నడుస్తున్నాయి. అది వచ్చేదాకా దారి ఖోన్ కేన్ మీదుగానే. అక్కడికి విమానం ఉంది, రైలు ఉంది. అక్కడి నుంచి రోడ్డు మీద 75 కిలోమీటర్లు, గంటా గంటన్నర. రోయెట్ ఇంకా దగ్గర కానీ విమానాలు తక్కువ.

ఇక్కడే నేనొకసారి బొక్కబోర్లా పడ్డాను. కొత్తల్లో ఒక గ్రూపుకి హైదరాబాద్ నుంచి సువర్ణభూమికి, మూడు గంటల తేడాతో ఖోన్ కేన్‌కి టికెట్లు వేశాను. తక్కువ ధర చూసి మురిసిపోయాను. ఆ రెండో విమానం డాన్ మువాంగ్ నుంచి. బ్యాంకాక్‌లో రెండు విమానాశ్రయాలు, నగరానికి చెరో వైపు. ఇమిగ్రేషన్ క్యూ, లగేజీ బెల్టు, ఆ పైన శుక్రవారం సాయంత్రం ట్రాఫిక్. మాస్టార్లు ఆరుగురు డాన్ మువాంగ్ చేరేసరికి విమానం ఎగిరిపోయింది. ఆ రాత్రి మో చిత్ బస్టాండులో బస్సెక్కి తెల్లారేసరికి సారఖామ్‌లో దిగారు. మనవాళ్లు మంచివాళ్లు, నన్నేమీ అనలేదు. కానీ అందులో ఒకాయన ఇప్పటికీ ఫోన్ చేస్తే మొదటి మాట "ఏ ఎయిర్‌పోర్టు బాబూ?" అని.

ఇప్పుడు నేను చెప్పేది ఇది: మొదటి విమానం దిగే ఎయిర్‌పోర్టు నుంచే రెండోదీ ఎగిరేలా చూసుకోండి, కుదరకపోతే మధ్యలో కనీసం ఆరు గంటలు వదలండి. తొందర లేనివాళ్లు బ్యాంకాక్‌లోని క్రుంగ్ తేప్ అఫివత్ స్టేషన్ నుంచి రాత్రి స్లీపర్ రైలెక్కి పొద్దున్నే ఖోన్ కేన్‌లో దిగొచ్చు. నా ఓటు దానికే.

అపోహ: బౌద్ధులు కదా, శాకాహారం దొరుకుతుంది

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఏడుపు దీని గురించే.

ఇసాన్ అంటే ఈ ఈశాన్య ప్రాంతం. పేరు కూడా మన ఈశాన్యమే. ఇక్కడి వంటకు వెన్నెముక పులియబెట్టిన చేప, పేరు ప్లా రా. చేపను ఉప్పు, బియ్యప్పొడితో కలిపి నెలల తరబడి జాడీలో ఊరేస్తారు. దాని నీళ్లు పచ్చడిలో పోస్తారు, పులుసులో పోస్తారు. మన ఎండుచేపల వాసన తెలిసినవాళ్లు కూడా మొదటిసారి ఒక అడుగు వెనక్కేస్తారు. అది లేనిచోట చేపల సాస్, నామ్ ప్లా ఉంటుంది. ఇక్కడ ఉప్పు అంటే అదే అనుకోండి. పైకి కూరగాయల వేపుడులా కనిపించిన దాంట్లోనూ ఉంటుంది.

మనవాళ్లు 'వెజ్' అని చెప్పి ఊరుకుంటారు. అక్కడ రెండు మాటలున్నాయి, తేడా తెలియాలి. 'మాంగ్సవిరత్' అంటే మాంసవిరతి, అక్షరాలా మన మాటే. కానీ అందులో గుడ్డు ఉండొచ్చు, చేపల సాస్ గురించి మనమే అడిగి తేల్చుకోవాలి. 'జే' అంటే కఠినమైన ఉపవాసపు తిండి. మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు, వెల్లుల్లి ఉల్లి కూడా ఉండవు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే అది జే కొట్టు. మా గ్రూపులో ఉల్లి తినని అమ్మగారు ఒకరు మొదటి రోజు బిస్కెట్లతో గడిపారు. రెండో రోజు ఆ జెండా కనబడగానే ఆవిడ ముఖం చూడాలి.

ఇక సోమ్ తమ్, బొప్పాయి పచ్చడి. బండి ముందు నిలబడి చేయించుకోండి, చూడటమే ఒక సరదా. పచ్చి బొప్పాయిని అరచేతిలో పట్టుకుని కత్తితో టకటకా నిలువు గాట్లు పెడుతుంది ఆవిడ, తర్వాత పైపైన చెక్కితే సన్నటి పోగులు రాలతాయి. ఎత్తైన మట్టి రోట్లో మిర్చి, వెల్లుల్లి వేసి చెక్క రోకలితో నాలుగు పోట్లు. ఆ తర్వాత పొడుగు చిక్కుళ్లు, టమాటా, నిమ్మరసం, తాటిబెల్లం, చివర్న బొప్పాయి. ఒక చేత్తో దంచుతూ రెండో చేత్తో గరిటెతో తిరగేస్తూ ఉంటుంది, నూరదు. మన రోటి పచ్చడికీ దీనికీ తేడా అక్కడే. 'తమ్ థాయ్' అంటే పల్లీలు వేసేది, మామూలుగా ప్లా రా ఉండదు కానీ ఎండు రొయ్యలు, చేపల సాస్ ఉంటాయి. ఈ మూడు ముక్కలు కాగితం మీద రాయించుకుని వెళ్లండి: మై సై ప్లా రా, మై సై నామ్ ప్లా, మై సై కుంగ్ హేంగ్. పులియబెట్టిన చేప వద్దు, చేపల సాస్ వద్దు, ఎండు రొయ్యలు వద్దు. బదులుగా 'సై క్లూవా', ఉప్పు వెయ్యి. రోలు కడిగి చేయమని సైగ చేయండి, ముందు చేసినదాంట్లో ప్లా రా ఉండే ఉంటుంది.

"మిరపకాయలు ఎన్ని?" అని అడుగుతుంది ఆవిడ. గుంటూరు నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ గారు మీసం మీద చెయ్యేసి పది అన్నారు. అది ఎండు కారం కాదు మాస్టారూ, చిట్టి పచ్చిమిర్చి, పైగా కలుపుకోవడానికి నెయ్యీ అన్నమూ లేవు. రెండుతో మొదలెట్టండి.

అపోహ: చాప్‌స్టిక్స్‌తో తినాలి

నూడుల్స్‌కి తప్ప ఎవరూ ముట్టుకోరు. మామూలు అన్నానికి చెంచా, ఫోర్కు. ఇసాన్‌లో అసలు అన్నం జిగురు బియ్యం, ఖావ్ నియావ్. రాత్రి నానబెట్టి పొద్దున వెదురు బుట్టలో ఆవిరి మీద ఉడికించి, మూత ఉన్న చిన్న బుట్టలో ఇస్తారు. చేత్తో చిటికెడు తీసి ఉండ చేసి నంజుకోవడమే. మనం చేత్తో కలుపుకుని తినేవాళ్లమే కదా అని అందులో పులుసు పోసి కలపకండి, పక్కనున్న పిల్లలు నవ్వుతారు.

అపోహ: యూనివర్సిటీ ఊరు కాబట్టి ఇంగ్లీషు నడుస్తుంది

సెమినార్ హాల్లో నడుస్తుంది. గేటు దాటాక అంతంతే. థాయ్ పదాలు బట్టీపట్టి వెళ్లినా ఒక ఆశ్చర్యం ఉంటుంది: ఇళ్లలో, సంతలో మాట్లాడేది ఇసాన్, అది లావో భాష కుటుంబంలోది. థాయ్‌లో రుచిగా ఉంటే 'అరోయ్', ఇక్కడ 'సేప్'. ఒక్కసారి సేప్ అనండి, ఆ బండి ఆవిడ ఇంకో బుట్ట అన్నం పెడుతుంది.

తెలుగువాళ్లకు మాత్రం ఒక దొంగదారి ఉంది. థాయ్‌లో సంస్కృత, పాలీ మాటలు బోలెడు. యూనివర్సిటీ 'మహావిత్తయాలై', మన మహావిద్యాలయం. హోటల్ బోర్డు మీద 'ఆహాన్' అంటే ఆహారం. మాట చివర ర, ల వస్తే వాళ్ల నోట్లో 'న్' అయిపోతుంది, ఈ ఒక్క సూత్రం తెలిస్తే సగం బోర్డులు విప్పుకోవచ్చు. బండి 'రొత్', అంటే రథం. ఫ్యాకల్టీ 'ఖనా', గణం. అధ్యాపకుణ్ని 'ఆజాన్' అంటారు, ఆచార్య. మీరు టీచరైతే మిమ్మల్నీ అలాగే పిలుస్తారు, పేరుకు ముందు ఆజాన్ తగిలించి. మిగతా వాళ్లందరికీ వరసలే: పెద్దవాళ్లయితే 'పీ', చిన్నవాళ్లయితే 'నోంగ్'. అన్నా, తమ్ముడూ అన్నట్టే.

అపోహ: చూడ్డానికి ఏమీ లేదు

ఒక రోజు కారు మాట్లాడుకుని దక్షిణంగా నా దూన్ వెళ్లండి. 1979లో అక్కడ తవ్వకాల్లో బుద్ధుడి ధాతువులు, అంటే అస్థికలు ఉంచిన పాత్ర బయటపడింది. దాని కోసం కట్టిన తెల్లటి స్తూపం 50 మీటర్ల పైచిలుకు ఎత్తు. ఆ చోటు ద్వారవతి అనే ప్రాచీన బౌద్ధ సంస్కృతి కాలపు చంపాశ్రీ నగరం. ద్వారవతి బుద్ధ విగ్రహాల మీద అమరావతి శైలి ప్రభావం ఉందని కళాచరిత్రకారులు చెబుతారు. మన కృష్ణా తీరం నుంచి అంత దూరం. మాఘ పూర్ణిమ, వాళ్ల మాఖ బూచా, నాడు జాతర.

అదే దారిలో దోంగ్ బాంగ్‌లో రెండు చిన్న పాత గుళ్లు, వాట్ ఫోథారామ్, వాట్ పా రేరాయ్. గోడలకు లోపలా బయటా బొమ్మలు: వెస్సంతర జాతకం (బుద్ధుడి పూర్వజన్మ కథ), బుద్ధుడి జీవితం, రామకథ. పల్లె చిత్రకారుల చేతివాటం, నీలం, గోధుమ రంగులు. కొన్ని పాత ఇసాన్ గుళ్లలో గర్భగృహంలోకి ఆడవాళ్లను రానివ్వరు, అడిగి అడుగుపెట్టండి. బయటి గోడలే గంట చూడొచ్చు.

చీరల మీద ప్రేమ ఉన్నవాళ్లకు మాత్రం ఊరే చాలు. ఇక్కడి పట్టు 'మత్ మీ'. పేక నూలును చట్రం మీద పరిచి, లెక్క ప్రకారం ముళ్లు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి... పోచంపల్లివాళ్లకు ఈ మాట వినగానే చిటికి కట్టడం గుర్తొస్తుంది, అదే పని. వీళ్లు ఎక్కువగా పేకకే కడతారు, మనవాళ్లు పడుగుకూ కడతారు. సారఖామ్ సొంత డిజైన్ పేరు 'సోయ్ దోక్ మాక్', పోకపూల హారం. కొనేటప్పుడు థాయ్ పట్టుకు ప్రభుత్వం ఇచ్చే నెమలి ముద్ర చూడండి, నాలుగు రంగుల్లో ఉంటుంది, బంగారు నెమలి అన్నిటికంటే సంప్రదాయమైన పట్టుకు ఇస్తారు. పుట్టపాక నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని ఆ ముళ్లు కడుతున్న పెద్దావిడ పక్కన కూర్చుని తనూ ఒక వరస కట్టింది. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. ఆ పెద్దావిడ ముడి లాగి చూసి, తల ఊపి, తర్వాతి కట్ట చేతికిచ్చింది.

అపోహ: ఏ నెలైనా ఒకటే

కాదు. ఏప్రిల్, మే నెలల్లో సెలవులు. పిల్లలు ఊళ్లకు పోతే మో మై చుట్టూ సగం కొట్లు మూసేస్తారు, సాయంత్రం సంత పలచబడుతుంది, ఎండ 40 దాకా పోతుంది. ఏప్రిల్ 13 నుంచి 15 సోంగ్‌క్రాన్, వాళ్ల కొత్త సంవత్సరం, బస్సు టికెట్లు దొరకవు. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. తెల్లచొక్కా, నల్ల స్కర్టు లేదా ప్యాంటు యూనిఫాంలో విద్యార్థులు బిలబిలమంటుంటే ఊరు ఊరులా ఉంటుంది. రాత్రిళ్లు చలి, స్వెటరు పెట్టుకోండి, ఎవరూ నమ్మరు ఈ మాట.

మిగతావి టకటకా

స్కూటరు అద్దెకు తీసుకుంటే మన లైసెన్సు చాలదు. టూ వీలర్ గడి ఉన్న అంతర్జాతీయ పర్మిట్ కావాలి, లేకపోతే ప్రమాదంలో బీమా చేతులెత్తేస్తుంది. యూపీఐ మీద భరోసా వద్దు, నగదు ఉంచుకోండి. ఏటీఎం ప్రతిసారీ 220 బాత్ లేదా అంతకు పైనే కోస్తుంది కాబట్టి ఒకేసారి తీయండి. 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి, దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో ఉచితంగా నింపొచ్చు. డబ్బులడిగే సైట్లు నకిలీవి. వీసా నిబంధనలు మారుతుంటాయి, టికెట్ కొనే రోజే ఎంబసీ సైట్ చూడండి. ఎవరింట్లోనైనా ఉంటే, 24 గంటల్లో ఇమిగ్రేషన్‌కి తెలపాల్సింది ఇంటివాళ్లు. గుర్తు చేయండి.

చివరగా, వీడ్కోలు సభలో మీ మణికట్టుకు దీవెనగా తెల్ల దారాలు కడతారు. అది ఫొటో కోసం అనుకుని విమానాశ్రయంలో తెంపేయకండి. కనీసం మూడు రోజులు ఉంచుకుని, కత్తిరించకుండా ముడి విప్పాలని అక్కడి మాట. మొదటిసారి రెండు చేతులకూ గుత్తులు గుత్తులుగా కట్టించుకుని శంషాబాద్‌లో దిగాను. మా ఆవిడ అనుమానంగా చూసి, "థాయ్‌లాండ్ అన్నావు, ఏ గుడికెళ్లొచ్చావు?" అంది.